దొరకు ఉద్వాసన

ఊళ్ళో ఇంకెక్కడా గోడ దొరకనట్టు ఆ నోటీసు తెచ్చి జయమణి గేటుకే అంటించారు. పైన మలాయ్‌లో, కింద తమిళంలో రాసి ఉంది. ఇళ్ళలో ముప్పాతికమంది తెలుగువాళ్ళే అయినా తెలుగులో రాయడం ఎవరికీ చేతకాలేదు. పాములు, బల్లులు, తాబేళ్ళు, మొసళ్ళు వగైరా పాకే జంతువులనూ, ఇతర వింత జంతువులనూ తామన్‌లో, అంటే ఆ కాలనీలో, పెంచకూడదట. ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఓటు వేసి, ఆపైన పద్నాలుగు రోజుల్లో తొలగిస్తారట. కింద నివాసుల సంఘం అధ్యక్షుడు రాజన్ సంతకం ఉంది.

"మొసలొకటే తక్కువ ఈ తామన్‌కి. ఉంటే అదీ కమిటీలోనే ఉండును," అని జయమణి గేటు దగ్గరే నిలబడి నలుగురికీ వినిపించేట్టు అంది. నలుగురూ విన్నారు కూడా. ఆమె మాట్లాడితే వినకుండా ఉండడం ఆ వీధిలో ఎవరి తరమూ కాదు.

సుంగై సుమున్ దగ్గర పామాయిల్ ఎస్టేటు మూతపడ్డాక అందులో పనిచేసినవాళ్ళ కోసం కట్టిన నలభై రెండిళ్ళ కాలనీ అది. జయమణి తాత ఎస్టేటులో కిరాణీ, అంటే గుమాస్తా. తక్కినవాళ్ళ తాతలు పామాయిల్ గెలలు కోసి మోస్తుంటే ఆయన నీడపట్టున కూర్చుని వాళ్ళ పేర్లు రాసినవాడు. ఆ పొగరు మనవరాలికి ఇంకా దిగలేదని అందరూ అనుకొనేవారు. దిగలేదన్నది నిజమే. దగ్గరి పట్నం తెలుక్ ఇంటాన్‌లో ఒక హైస్కూలు సైన్సు ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేసి, పెళ్ళి మాట తలపెట్టకుండా, రిటైరై, ఒక్కతే ఉంటుంది. ఒక్కతే అనకూడదు, దొర ఉన్నాడు.

దొర ఆఫ్రికా జాతి మెట్ట తాబేలు. ఇపో పట్నంలో కొన్నప్పుడు అరచేతిలో పట్టేవాడు. ఇరవై రెండేళ్ళు గడిచేసరికి నలభై కిలోలయ్యాడు. పొద్దున్న ఎండ పొడ రాగానే పెరటి కంచె పొడుగునా మెల్లగా ఒక చుట్టు తిరిగి, ప్రతి మూలా ఆగి చూసి, వెనక్కి వస్తాడు. వెనకటికి ఎస్టేటు మేనేజరు తెల్లదొర అలాగే తిరిగేవాడని తాత చెప్పేవాడు. అందుకే ఆ పేరు. వన్యప్రాణుల శాఖ లైసెన్సు ఏటేటా తిరగరాయించి ఫ్రేము కట్టి గోడకు తగిలించింది జయమణి. ఆ ఇంట్లో గోడకున్న పటం అదొక్కటే. దేవుడి పటాలు లేవు.

అసలు గొడవ మందారాల దగ్గర మొదలైంది. రాజన్ ఇల్లు ఆమె పక్కిల్లే. మూడు నెలల కిందట దొర కంచె తోసుకుని వెళ్ళి, మందారం కొమ్మలు మేసి, ఎండ ఎక్కువై రాజన్ ఇంటి వరండాలో నీడకు చేరాడు. రాజన్ చీపురు పట్టుకుని బయటికి తోలాడు. ఆ వారమే రాజన్ కూతురికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. తరవాత రాజన్ బాత్‌రూములో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. తాబేలు చొచ్చిన ఇల్లూ, జప్తు బంట్రోతు చొచ్చిన ఇల్లూ బాగుపడవని ఆ తామన్‌లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలుక్ ఇంటాన్ జోస్యుడొకడు అదే మాట గవ్వలు పరిచి మరీ చెప్పాడు. ఇంకేముంది, ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా దొర డిప్ప మీదికి వచ్చి పడింది. ఆ సంగతి నోటీసులో రాయడానికి సిగ్గేసి, ప్రజల ఆరోగ్యం, భద్రత అని రాశారు.

మూడో వరుసలో సర్వేశ్ ఒక కొండచిలువను పెంచేవాడు. నోటీసు చూసిన సాయంత్రమే దాన్ని ఇపోలో స్నేహితుడికి ఇచ్చేసి వచ్చాడు. "గొడవెందుకు లా, ఆంటీ," అన్నాడు, అక్కడివాళ్ళకు అలవాటైన 'లా' అనే తోక మాటకు తగిలించి. జయమణి అతనితో మాట్లాడడం మానేసింది. మానేసినవాళ్ళ జాబితా అప్పటికే పొడుగు, అతనొకడు ఎక్కువయ్యాడు.

ఆదివారం గుడి హాల్లో సమావేశం. జయమణి ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళి ముందు వరుసలో కూర్చుంది. రాజన్ కట్టు కట్టిన చేతిని మెడలో వేలాడేసుకుని తీర్మానం చదివాడు. సాల్మొనెల్లా అనే క్రిమి తాబేళ్ళ వల్ల వస్తుందని ఫోనులో చూసి చెప్పాడు.

జయమణి లేచింది.

"సాల్మొనెల్లా అంటే ఏటో తెలుసా నీకు? ముప్పై ఏళ్ళు గాజుపలకల మీద సూసినాను నాను. నీ పెళ్ళాం కోడి కడిగిన సింకులో ఉంటాది అది. సింకు కూడా నిషేధించు మరి."

"అక్కా, అందరి మంచి కోసం లా..."

"అందరి మంచా? నీ ఇంట్లో కుక్క ఇద్దర్ని కరిసినాది. గుడి మైకుకి ముసిలోళ్ళ సెవులు పోతన్నాయి. కాలవలో దోమల వల్ల పోయినేడు డెంగీ వచ్చినాది. మా దొర ఎవర్ని కరిసినాడు? ఎవరికి జొరం తెచ్చినాడు? ఒక్కరు సెయ్యెత్తి సెప్పండి. ఇదిగో ప్రబుత్వం ఇచ్చిన లైసెన్సు. దీన్ని కాదనడానికి నువ్వెవుడివిరా?"

మాటలో తప్పు లేదు. మాట్లాడిన తీరే కందిరీగల తుట్టె కదిపినట్టుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు, ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పినా వినేది కాదు. కరిచిన కుక్కవాళ్ళూ, మైకువాళ్ళూ, కాలవ కమిటీవాళ్ళూ అందరూ ఒక్కటయ్యారు. ఓటుకు రాజన్ పిలవగానే చేతులు లేవడం మొదలెట్టాయి. ఐదు, పది, ఇరవై. వెనక వరుసలో మెల్లగా ముసలమ్మలు కూడా ఎత్తుతున్నారు.

ఓడిపోతున్నానని జయమణికి అర్థమైంది. దొరను ఎవరికివ్వాలి? ఎవడు తీసుకుంటాడు నలభై కిలోల తాబేలును? ఏ బోనులో పడేస్తారు? అంతవరకు ఆమె ఫైల్లో ఉన్నవన్నీ న్యాయాలే, ఒక్కటీ పనిచెయ్యలేదు. అప్పుడు ఫైలు మూసేసి, జన్మలో నమ్మని మాట ఒకటి అందుకుంది.

"రాజన్, మీ తాత ఏ ఊర్నుంచి ఓడెక్కినాడు?"

"శ్రీకాకుళం కాడ ఏదో ఊరు లా. ఇప్పుడు అదెందుకు?"

"ఏదో ఊరు కాదు. శ్రీకూర్మం పక్క. ఈ హాల్లో సగం మంది తాతలు ఆ సుట్టుపక్కల నుంచే వచ్చినారు, మా తాత సేత్తో రాసినాడు. శ్రీకూర్మంలో దేవుడెవరు? ఎవరికీ తెలీదా? తాబేలు! పాలసముద్రం సిలికినపుడు కొండ మునిగిపోతంటే, అడుక్కి దిగి, ఈపు మీద మోసిన సామి. మీ తాతలు మొక్కిన సామి. మీకు పద్నాలుగు రోజుల నోటీసు ఇయ్యడానికి ఆయనే దొరికినాడా? సంబంధం తప్పిపోయిందని ఏడుత్తన్నావు. ఇంటికొచ్చిన సామిని సీపురుతో తోలినావు, తప్పిపోక ఏటవుద్ది?"

లేచిన చేతులు లేచినట్టే ఉండిపోయాయి. ఆ గుడికి రెండేళ్ళ ఒప్పందం మీద విజయనగరం నుంచి వచ్చిన పూజారి జనార్దనాచార్యులు ఒక మూల నిలబడి ఉన్నాడు. అందరూ అతని వైపు తిరిగారు.

"నిజమేనండి," అన్నాడతను ఇబ్బందిగా. "శ్రీకూర్మంలో స్వామిది కూర్మరూపమే. గుడి ఆవరణలో తాబేళ్ళు కూడా ఉంటాయి. భక్తులు ఆకుకూరలు పెడుతుంటారు."

రాజన్ భార్య యోగేశ్వరి మొదట చెంపలు వేసుకుంది. తరవాత ముసలమ్మలు, తరవాత మగవాళ్ళు. చేతులు ఒకటొకటే దిగిపోయాయి. జయమణి ఫైలు తీసుకుని ఎవరివంకా చూడకుండా బయటికి నడిచింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవలసి వచ్చింది ఆమెకు.

మర్నాటి నుంచి గేటు దగ్గర జాతర మొదలైంది. నిన్నటి దాకా దరిద్రమన్నవాళ్ళే ఇవాళ స్వామి అన్నారు. తోటకూర కట్టలు, అరటిపళ్ళు, మందారాలు. రాజన్ ఇంటి మందారాలే, ఈసారి యోగేశ్వరి తన చేత్తో కోసి తెచ్చింది. ఒకావిడ చెంబుతో పాలు తెస్తే జయమణి వీధి చివరి దాకా తరిమింది. డిప్ప మీద ఒక్క బొట్టు పెట్టుకుంటామని యోగేశ్వరి బతిమాలితే మాత్రం పోనీలే అంది. బొట్టు వల్ల తాబేలుకు ఏమీ కాదు. పైగా ఆ బొట్టు ఉన్నన్నాళ్ళు ఎవడూ దాని జోలికి రాడు. మూఢులను మూఢత్వంతోనే కొట్టానని లోలోపల మురిసిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆ వీధి మొత్తాన్ని అసహ్యించుకున్నదానికి ఇంత తియ్యటి ఫలం దొరుకుతుందని ఆమె అనుకోలేదు.

బుధవారం రాజన్ వచ్చాడు. లోపలికి రమ్మనలేదు, గేటు అవతలే నిలబెట్టింది.

"అక్కా, తప్పయిపోయినాది. తెలీక సేసినాను. కానీ ఒకటి ఆలోసించు. మనం సేప వండుకుంటాం, మాంసం వండుకుంటాం. దేవుణ్ణి ఇనప కంచెలో పెట్టి పక్కన మనం తింటే పాపం కాదా? కమిటీ అంతా కూకుని మాటాడుకున్నాం. సామికి సెయ్యవలసినదంతా మర్యాదగా సేత్తాం. ఏ లోటూ రానియ్యం."

"నీ మర్యాద నాకేటికి? ఆ నోటీసు సించు ముందు."

రాజన్ ఎడమచేత్తో నోటీసు ఊడబెరికి, ముక్కలు చేసి, జేబులో వేసుకున్నాడు. ఏ మర్యాద, ఎక్కడ, ఎప్పుడు అని ఆమె అడగలేదు. గుడిలో ఏదో పూజ చేసుకుంటారు, చేసుకు చావనీ అనుకుంది. వాళ్ళ మాట పూర్తిగా వినే అలవాటు ఆమెకు ఎప్పుడూ లేదు.

అయినా పూజల మీద బతకడం ఆమెకు నచ్చలేదు. ఇవాళ స్వామి అన్న నోరు రేపు మళ్ళీ దరిద్రం అనగలదు. తెలుక్ ఇంటాన్‌లో వన్యప్రాణుల శాఖ ఆఫీసుకు ముందే అర్జీ పెట్టింది, లైసెన్సు ఉన్న జంతువును తీసెయ్యమనే అధికారం నివాసుల సంఘానికి లేదని రాసి ఇమ్మని. ఆ ఉత్తరం గురువారం ఇస్తామన్నారు. గురువారం ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం దొర మీద నీళ్ళు చిలకరించి, గడ్డి కోసి వెయ్యాలి, లేకపోతే తిండి మానేస్తాడు. జయమణి ఒక క్షణం ఆలోచించి, పెరటి తాళంచెవి యోగేశ్వరి చేతిలో పెట్టింది. ఇరవై రెండేళ్ళలో ఆ తాళంచెవి ఇంకొకరి చేతికివ్వడం అదే మొదలు. యోగేశ్వరి దాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది.

ఉత్తరం దొరికింది. ముద్రతో, సంతకంతో, మూడు పేరాలు. బస్సులో నాలుగుసార్లు చదువుకుంది. సంఘానికి అధికారం లేదన్న వాక్యాన్ని రాజన్ ముఖం ముందు ఎలా చదవాలో, ఎక్కడ ఆగాలో, ఆగినప్పుడు ఏ మాట అనాలో అన్నీ సిద్ధం చేసుకుంది. మూడున్నరకు తామన్ మలుపు తిరిగేసరికి ఆమె గేటు బార్లా తెరిచి ఉంది. సిమెంటు మీద పసుపునీళ్ళు ఎండి చారలు కట్టాయి. పెరట్లో హారతి కర్పూరం వాసన. దొర నీడకు పడుకొనే రేకు కింద ఎవరూ లేరు.

యోగేశ్వరి ఎదురొచ్చింది. పట్టుచీర, తడి కళ్ళు, ముఖమంతా వెలుగు.

"ఎంత బాగా జరిగినాదో అక్కా! నువ్వు సూస్తే తట్టుకోలేవని నువ్వు లేనపుడే సేసినాం. పసుపునీళ్ళ తానం సేయించినాం. తులసిమాల వేసినాం. ఆచార్లు గారు మంత్రాలు సదివి ఉద్వాసన సెప్పినారు. ఆరుగురు మగోళ్ళు పల్లకీలో మోసినారు. వినాయకుడికి కూడా ఇంత గొప్పగా సెయ్యలేదు మనం."

"ఎక్కడ?" అంది జయమణి.

"పెద్ద పారిట్‌లో. సముద్రం పోటు మీద నీళ్ళు నిండా ఉన్నపుడు, తలుపుల కాడ, నిమజ్జనం సేసినాం. నీళ్ళలోకి దిగ్గానే ఎలిపోయినాడక్కా సామి, ఒక్క బుడగ కూడా..."

జయమణి మిగతాది వినలేదు. ఆఫీసుకు వేసుకెళ్ళిన చెప్పులు వీధిలో వదిలేసి పరుగెత్తింది. పారిట్ అంటే తామన్ వెనక తోటల్లోని మురుగునంతా నదికి మోసే లోతైన కాలవ. చివర నీటి తలుపులుంటాయి. అక్కడ గట్టు మీద జనం ఇంకా ఉన్నారు, కాగితం పళ్ళేల్లో పులిహోర తింటున్నారు. రాజన్ అందరికీ వడ్డిస్తున్నాడు.

"ఎన్నింటికి? ఎన్నింటికి దింపినార్రా?"

"పన్నెండున్నరకి అక్కా. ముగూర్తం..."

"దానికి ఈత రాదు!"

ఎవరికీ అర్థం కాలేదు. తాబేలుకు ఈత రాకపోవడమేమిటి?

"అది మెట్ట తాబేలురా! ఎడారిలో పుట్టినది! రాయిలా మునిగిపోద్ది!" అంటూ ఆమె చీరతోనే కాలవలోకి దిగిపోయింది. ఒండ్రులో నడుముదాకా కూరుకుపోతే మహేంద్రన్ అనే లారీ డ్రైవరు దూకి పట్టుకున్నాడు. ఇంకో ఇద్దరు దిగారు. గెలలు కోసే పొడుగాటి గడలు తెచ్చి నీళ్ళలో వెతికారు. దూరం పోయి ఉంటుందని పారుదల వెంట చాలాసేపు తడిమారు. దొర ఎక్కడికీ పోలేదు. దింపినచోటికి రెండు బారల్లోనే, గట్టు వైపు తల పెట్టి ఉన్నాడు. పోటు తగ్గి నీళ్ళు దిగిన మేర ఒండ్రులో గోళ్ళతో గీసిన గాట్లు కనబడ్డాయి. ఎక్కబోయి జారి, మళ్ళీ ఎక్కబోయి జారిన గాట్లు.

నలుగురు కలిసి పైకి లాగారు. మెడా కాళ్ళూ బయటికి వేలాడుతున్నాయి. జయమణి తల కిందికి ఉండేట్టు వంచి పట్టించి, ముందుకాళ్ళు లోపలికీ బయటికీ ఆడించింది. నోట్లోంచి బురదనీళ్ళు వచ్చాయి. ఆడిస్తూనే ఉంది. చివరికి కనుగుడ్డు మీద వేలు పెట్టి చూసింది. రెప్ప కదలలేదు. ల్యాబులో ఎన్నో జంతువులకు అలా వేలు పెట్టి చూసిన మనిషి, అర్థం కాక కాదు, మళ్ళీ పెట్టి చూసింది.

ఆచార్యులు పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నేను అడిగానమ్మా, ఇది నీళ్ళలో ఉండేదేనా అని. తాబేలు నీళ్ళలో కాక చెట్టు మీద ఉంటుందా అన్నారు. ఉద్వాసన చెప్పాక నిమజ్జనమే కదా అన్నారు. నాకు తెలియదమ్మా."

"నీకు తెలీదు, వీళ్ళకి తెలీదు! ఏ ఒక్కడికీ బుర్ర లేదు!" జయమణి ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ అరిచింది. "హత్య సేసినార్రా! కంచెలోంచి ఎత్తుకొచ్చి హత్య సేసినారు! పోలీసుల్ని పిలుత్తాను! జైల్లో కుళ్ళండి అందరూ!"

రాజన్ ఆమె కాళ్ళ దగ్గర బురదలో కూలబడ్డాడు. దొంగ ఏడుపు కాదు, విరిగిన చేతిని గుండెకు ఆనించుకుని వెక్కిళ్ళు పెడుతున్నాడు. "కొండని మోసినాడని నువ్వే సెప్పినావు కదా అక్కా. సముద్రం అడుక్కి దిగినాడని సెప్పినావు. ఈ కాలవ ఒక లెక్కా అనుకున్నాం."

జయమణి చూపు ఒండ్రులోని గోళ్ళ గాట్ల మీదికి పోయింది. ఈ మొద్దులు నోటీసు మీద నిలబడి ఉంటే దొర పద్నాలుగు రోజులు బతికేవాడు. ఆ పద్నాలుగు రోజుల్లో ఉత్తరం వచ్చేది. వచ్చింది కూడా. వాళ్ళ పట్టుదలను తనే విరిచి, వాళ్ళ చేతిలో ఈ భక్తి పెట్టింది. తాళంచెవి కూడా తనే పెట్టింది. ఆ నిజం ఒంట్లోకి మెల్లగా దిగింది, దిగాక ఇంక బయటికి పోలేదు.

"దేవుడు కాదు," అంది మెల్లగా. ఎవరికీ వినబడలేదు. గొంతు పెంచింది. "దేవుడు కాదు! నాను అబద్ధమాడినాను. మీ సేతులు దింపడానికి అబద్ధమాడినాను. నాకే దేవుడి మీదా నమ్మకం లేదు. ఇది గడ్డి తినే తాబేలు, అంతే. మీరు సంపినారు, నాను సంపించినాను."

యోగేశ్వరి గబగబా వచ్చి పక్కన కూర్చుని, అరచేత్తో ఆమె నోరు మూసింది. గట్టిగా కాదు, పసిపిల్ల నోరు మూసినట్టు. "అలగనకు అక్కా, కళ్ళు పోతాయి. దుక్కంలో ఏటేటో అంటన్నావు. సామి ఇంటన్నాడు."

వెనక ముసలమ్మలు ఆమె తరఫున చెంపలు వేసుకున్నారు. తన ఒంటిని ఇక్కడే వదిలేశాడంటే ఈ గట్టు మీదే ఉంటానని స్వామి చెప్పినట్టే కదా అని ఒకావిడ అంది. అవునవునన్నారు. గుడి కట్టాలన్నారు. రాజన్ కన్నీళ్ళు తుడుచుకుని, కట్టిస్తాను, నా చేతులతో పునాది తవ్వుతాను అన్నాడు. ఎవరో పళ్ళెంలో కర్పూరం వెలిగించి తెచ్చారు. దొర మీద పడుకుని రెండు చేతులూ అడ్డం పెట్టింది జయమణి.

"తాబేలు!" అని అరిచింది. "తాబేలర్రా! వొట్టి తాబేలు!"

ఆచార్యులు తల వంచుకుని గంట ఎత్తాడు. గట్టు మీది వాళ్ళందరూ చేతులు జోడించారు. ఆమె కూడా కలిసి మొక్కుతోందనుకుని, యోగేశ్వరి ఆమె చీర కొంగు సర్ది, వీపు నిమిరింది.